వజ్రం కొనేటప్పుడు బరువు చూడాలా, కటింగ్ చూడాలా?

ప్రశ్న: మా అమ్మాయి నిశ్చితార్థానికి ఒంటిరాయి వజ్రపు ఉంగరం చేయించాలనుకుంటున్నాము. రాయి వరకు లక్షన్నరకు మించి పెట్టలేము. దుకాణంలో రెండు గుండ్రని రాళ్లు చూపించారు. రెండూ హెచ్ రంగు, వీఎస్2 నాణ్యత (లోపలి మచ్చలు ఎంత తక్కువో చెప్పే మెట్టు). రెండింటికీ జీఐఏ (వజ్రాలను పరీక్షించే అమెరికా సంస్థ) సర్టిఫికెట్ ఉంది. ధర కూడా ఇంచుమించు ఒకటే. మొదటిది 60 సెంట్లు (సెంటు అంటే క్యారెట్‌లో నూరోవంతు), దాని కటింగ్ ‘గుడ్’ అనీ, రెండవది 52 సెంట్లు, దాని కటింగ్ ‘ఎక్సలెంట్’ అనీ రాసి ఉంది. అదే డబ్బుకు ఎనిమిది సెంట్లు ఎక్కువ వస్తుంటే చిన్నది ఎందుకని మావారు అంటున్నారు. సర్టిఫికెట్ల నకళ్లు జతపరిచాను. ఏది తీసుకోమంటారు?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: 52 సెంట్లదే తీసుకోండి. మీవారి సందేహం న్యాయమైనదే కనుక, కారణం మీరు పంపిన కాగితాల నుంచే చూపిస్తాను.

సర్టిఫికెట్‌లో బరువుకు పైన కొలతలు ఉంటాయి. 60 సెంట్ల రాయి అడ్డకొలత 5.24 నుంచి 5.29 మిల్లీమీటర్లు, ఎత్తు 3.45. 52 సెంట్లది అడ్డంగా 5.16 నుంచి 5.19, ఎత్తు 3.18. అంటే ఉంగరంలో పొదిగిన తరువాత పైనుంచి కంటికి కనిపించే వెడల్పులో ఈ రెండింటికీ ఉన్న తేడా మిల్లీమీటరులో పదోవంతు కూడా లేదు. మంచి కటింగ్ ఉన్న 60 సెంట్ల రాయి దాదాపు 5.4 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలి. మీరు అదనంగా పొందుతున్నారనుకుంటున్న ఎనిమిది సెంట్లలో చాలావరకు రాయి అడుగు లోతులోనూ, గర్డిల్ అని పిలిచే నడుము అంచు మందంలోనూ దాగి ఉన్నాయి. ఆ బరువుకు మీరు డబ్బు చెల్లిస్తారు గాని, వేలికి పెట్టుకున్నాక దాన్ని మీ అమ్మాయి గాని, చూడవచ్చిన చుట్టాలు గాని ఎన్నడూ చూడలేరు.

కనిపించకపోవడంతోనే నష్టం ఆగదు. గుండ్రని వజ్రానికి 57 పలకలు ఉంటాయి. పై పలకల గుండా లోపలికి వెళ్లిన వెలుగు, అడుగున కోణంగా చెక్కిన పలకలకు అద్దానికి తగిలినట్టు తగిలి, తిరిగి పైనుంచే బయటకు రావాలి. ఆ వచ్చే తీరునే మనం మెరుపు అంటాము. అడుగు పలకల కోణం 41 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా, పై పలకల కోణం 34, 35 డిగ్రీల దగ్గర ఉంటే ఆ పని చక్కగా జరుగుతుంది. మార్సెల్ టోల్కోవ్‌స్కీ అనే వజ్రాల సానవాడు 1919లో లెక్కకట్టి ప్రకటించిన కోణాలు 40.75, 34.5. మీ 52 సెంట్ల రాయి కోణాలు 40.8, 34.5. ఇంతకంటే చెప్పవలసింది లేదు. 60 సెంట్ల రాయికి అడుగు కోణం 42.6, పై కోణం 36. రెండూ నిటారుగా ఉన్నాయి గనుక కొంత వెలుగు వెనక్కి రాకుండా అడుగునుంచే జారిపోతుంది, నడిమి భాగం కాస్త నల్లబారినట్టు కనిపిస్తుంది. ‘గుడ్’ అన్న మాట చెవికి బాగానే ఉంటుంది గాని, 2006 నుంచి జీఐఏ గుండ్రని వజ్రాలకు ఇస్తున్న ఐదు మెట్లలో అది పైనుంచి మూడవది.

బరువు కోసం వెలుగును పోగొట్టుకోవడం కొత్త సంగతి కాదు. మన గోల్కొండ రాజ్యపు గనులదిగా ప్రసిద్ధమైన కోహినూరును 1851లో లండన్ ప్రదర్శనలో పెట్టినప్పుడు, అంత పేరున్న రాయి ఇంత మెరుపు లేకుండా ఉందేమిటని జనం నిరాశపడ్డారు. బరువు పోకుండా చెక్కిన పాతకాలపు సాన అది. మరుసటి ఏడాది దాన్ని తిరిగి సానపెట్టించగా, దాదాపు 191 క్యారెట్ల రాయి 105.6 క్యారెట్లకు దిగింది. అంత బరువు వదులుకోవడం సబబా కాదా అన్నది వేరే చర్చ. ఆ రాయి మెరిసింది మాత్రం ఆ తరువాతే.

అయినా కాగితం మీద నమ్మకంతో కొనవద్దు, రెండు రాళ్లనూ మీ కళ్లతో పోల్చి చూడండి. దుకాణంలో పైనుంచి పడే చిన్న దీపాల కింద ఏ రాయైనా మెరుస్తుంది. ముందు రాయిని మెత్తటి గుడ్డతో శుభ్రంగా తుడిపించండి, ఎందుకంటే వేళ్ల జిడ్డు అడుగున అంటితే మంచి రాయి కూడా మసకబారుతుంది. తరువాత రెండింటినీ పక్కపక్కనే పట్టకారుతో పట్టుకొని, గుమ్మం దగ్గర ఎండ నేరుగా పడని నీడలో, మూరెడు దూరం నుంచి మెల్లగా అటూ ఇటూ వంచి చూడండి. మంచి కటింగ్‌లో తెలుపు నలుపు గళ్లు పదునుగా, అంచుదాకా సమానంగా కదులుతాయి. కటింగ్ తగ్గిన రాయిలో నడుమ ఒక మచ్చ రాయితోపాటు కదలక అలాగే నిలిచి ఉంటుంది, లేదా టేబుల్ అనే పై పలక చుట్టూ బూడిదరంగు వలయం కనిపిస్తుంది. చిన్న వజ్రాన్ని మన పెద్దలు ‘రవ్వ’ అన్నారు, నిప్పురవ్వకూ అదే మాట. ఆ మాటకు తగిన రాయి నీడలోనే తెలిసిపోతుంది.

ఇక ఖర్చు. మన దుకాణాల్లో ‘వీవీఎస్, ఈఎఫ్’ (నాణ్యతలోనూ రంగులోనూ మీ రాళ్లకంటే పై మెట్లు) అన్నది మంత్రంలా వినిపిస్తుంది. మామూలు కంటికి సులువుగా తెలియని తేడాలకు అంత సొమ్ము పెట్టి కటింగ్ దగ్గర వెనక్కి తగ్గడం నాకు ఎన్నడూ సమంజసంగా తోచలేదు. మీరు ఎంచుకున్న హెచ్, వీఎస్2 పసుపు బంగారంలో నిక్షేపంగా ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్లు నల్ల చుక్క ఉన్న రాయి పనికిరాదంటారు కనుక, టేబుల్ కింద నల్లని మచ్చ లేదని మాత్రం భూతద్దంతో చూసుకోండి. ఇంకొక మాట: వజ్రాల ధర క్యారెట్ లెక్కన 50, 70, 90 సెంట్ల దగ్గరా, నిండు క్యారెట్ దగ్గరా ఒక్కసారిగా పెరుగుతుంది. ఇదే కోణాలతో 48 సెంట్ల రాయి ఏదైనా ఉందేమో అడిగి చూడండి. వెడల్పు 5 మిల్లీమీటర్లు దాటే ఉంటుంది, మిగిలిన డబ్బు ఉంగరం మజూరీకి కలిసివస్తుంది. ఏ రాయి తీసుకున్నా, గర్డిల్ మీద లేజరుతో చెక్కిన నంబరు సర్టిఫికెట్ నంబరూ ఒకటేనని పొదగకముందే సరిచూసుకోండి.

ప్రశ్న: ఏడు రాళ్ల దుద్దులకు ఒక్కొక్కటి 10 సెంట్ల చొప్పున 14 రాళ్లు, మొత్తం 1.40 క్యారెట్లు అని చెప్పారు. ఇంత చిన్న రాళ్లకు కటింగ్ గ్రేడు ఉండదంటున్నారు. మరి ఎలా చూసుకోవాలి?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: వారు చెప్పింది చాలావరకు నిజమే. అంత చిన్న రాళ్లకు విడివిడిగా సర్టిఫికెట్ చేయించడం అరుదు. మొత్తం నగకు కలిపి ఒక కాగితం ఇస్తారు, అందులో కటింగ్ వివరం ఉండకపోవచ్చు. కనుక మీరు కొలత మీద ఆధారపడాలి. చక్కగా కోసిన 10 సెంట్ల గుండ్రని రాయి దాదాపు 3 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. అదే బరువున్న రాయి 2.8 మిల్లీమీటర్లే ఉంటే లోతు ఎక్కువైందని అర్థం. ఏడు రాళ్ల పువ్వులో ఒక్క రాయి చిన్నగానో మసకగానో ఉన్నా, దుద్దు మొత్తం కళ తప్పుతుంది.

దుద్దులు వెనుక మూసి కట్టే పనితనమైతే పొదిగాక అడుగు భాగం చూడడానికి వీలుండదు. అందువల్ల రాళ్లు విడిగా ఉన్నప్పుడే తెల్ల కాగితం మీద పద్నాలుగూ వరుసగా పేర్పించి, ముందు బోర్లించి రంగు, తరువాత వెల్లకిలా తిప్పి నీడలో మెరుపు చూడండి. తక్కిన వాటితో కలవని రాయి ఒకటో రెండో ఉంటే వెంటనే బయటపడుతుంది, మార్చమని అడగడానికి సంకోచించకండి. రాళ్లు ‘ఫుల్ కట్’వేనని బిల్లు మీద రాయించుకోండి. చిన్న రాళ్లలో పదిహేడు, పద్దెనిమిది పలకలు మాత్రమే ఉండే ‘సింగిల్ కట్’ కూడా అమ్ముతారు. దానికీ ఒక అందం ఉంది గాని, 57 పలకల రాయి ధర దానికి చెల్లించకూడదు.