రాత్రి డెలివరీ, పొద్దున క్లాసు: నిద్ర ఎలా సర్దుకోవాలి?

ప్రశ్నలో మీరిచ్చిన లెక్క ఇది: హైదరాబాద్‌లో బీటెక్ రెండో ఏడాది, హాస్టల్ బస, రాత్రి ఏడు నుంచి పన్నెండున్నర దాకా ఫుడ్ డెలివరీ, పడుకునేసరికి రెండు, మళ్లీ ఏడింటికి లేవాలి. క్లాసులో కునుకుపాట్లు, చదివింది నిలవడం లేదు. పని మానకుండా దారి ఉందా?

ఉంది. మీ నిద్రను తింటున్నది పదకొండు దాటాక చేసే ఆ గంటన్నర. దాన్ని అక్కడినుంచి జరపాలి.

లేచే టైము దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్కేయండి. మీ వయసుకు 7 నుంచి 9 గంటల నిద్ర కావాలి. కనీసం ఏడనుకున్నా, పన్నెండుకల్లా కన్ను మూతపడాలి. బండి దిగాక స్నానం, తిండి, ఫోను కలిపి ఎంత లేదన్నా గంట పడుతుంది. కాబట్టి ఆఖరి ఆర్డరు అందించి 10:45కల్లా యాప్ ఆఫ్ చేసేయాలి. ఇలా కాలేజీ రోజుల్లో తగ్గిన గంటల్లో చాలావరకు ఆదివారం మధ్యాహ్నం లంచ్ రద్దీలోనూ, సెలవు రోజుల్లోనూ రాబట్టుకోవచ్చు. కొంత ఆదాయం పోతుంది, ఒప్పుకోవాల్సిందే. కానీ జేఎన్‌టీయూ కాలేజీల్లో హాజరు 75 శాతం కన్నా తగ్గితే కారణం చూపి కండొనేషన్ ఫీజు (హాజరు తక్కువైనా పరీక్ష రాయనిచ్చేందుకు కట్టే రుసుము) కట్టాలి. 65 కూడా లేకపోతే డిటైన్, అంటే పరీక్ష రాయనివ్వకుండా ఆపేస్తారు. పొద్దున మొదటి పీరియడ్లు ఎగ్గొట్టేవాళ్లు ఆ లెక్క కూడా వేసుకోవాలి.

అర్ధరాత్రి దాటాక బండి నడపొద్దని నేను గట్టిగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. ఏడింటికి లేచినవాడికి పన్నెండయ్యేసరికి 17 గంటల మెలకువ. అప్పటికి మనిషి చురుకుదనం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని ప్రయోగాల్లో తేలింది. మన మోటారు వాహనాల చట్టం ఒప్పుకునేది 0.03 శాతమే. తాగి నడిపేవాణ్ని ఆపడానికి పోలీసులున్నారు, నిద్రమత్తులో నడిపేవాణ్ని ఆపేవాళ్లు ఎవరూ లేరు. తిరగాల్సిన మలుపు దాటిపోయినా, గత అర కిలోమీటరు ఎలా వచ్చారో గుర్తులేకపోయినా వెంటనే బండి పక్కకు తీయండి. ముఖం కడుక్కోవడం, పాటలు పెట్టుకోవడం పనికిరావు. టీ తాగి, వెలుతురున్నచోట 15–20 నిమిషాలు కళ్లు మూసుకోండి. లేచే వేళకు టీ పనిచేయడం మొదలవుతుంది.

చదువు సంగతి. పగలు చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. రోజుకు ఆరు గంటల చొప్పున రెండు వారాలు గడిపితే ఏకాగ్రత ఒకటి రెండు రాత్రులు అసలు నిద్రపోనివారి స్థాయికి దిగుతుంది. మనకు మాత్రం అలవాటైపోయినట్టే అనిపిస్తుంది, చిక్కంతా అక్కడే. అందుకని మ్యాథ్స్, ప్రోగ్రామింగ్ లాంటివి సాయంత్రం షిఫ్టుకు ముందు కూర్చోండి. రాత్రికి రికార్డులు రాయడం, బొమ్మలు వేయడం మిగల్చండి. మిడ్స్ (సెమిస్టరు మధ్య పరీక్షలు) ముందు రోజు ఒక్కరాత్రి బాగా పడుకుంటే చాలదు, ఆ వారమంతా షిఫ్టు తొమ్మిదిన్నరకు కట్టేయండి.

కాఫీ, టీలు సాయంత్రం ఐదున్నర దాటాక వద్దు (పైన చెప్పిన ఆపద్ధర్మం వేరు). కెఫిన్ సగం తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. 250 మి.లీ. రెడ్‌బుల్ డబ్బాలో మన దేశంలో 75 మి.గ్రా. ఉంటుంది, రాత్రి తొమ్మిదికి తాగితే రెండింటికి కూడా అందులో సగం ఒంట్లోనే ఉంటుంది. భోజనం షిఫ్టుకు ముందే చేసి, వచ్చాక పెరుగన్నమో అరటిపండో తీసుకోండి. పడుకోబోతూ బిర్యానీ తింటే గుండెల్లో మంట, సగం నిద్ర దానికే పోతుంది.

మధ్యాహ్నం ఖాళీ పీరియడ్ దొరికితే 20 నిమిషాల కునుకు మంచిదే. 45 నిమిషాలు దాటితే గాఢనిద్రలోంచి లేచి గంటసేపు మొద్దుగా ఉంటారు. ఆదివారం పన్నెండింటిదాకా పడుకోవడం మానండి. ఆ రాత్రి నిద్ర రాదు, సోమవారం మళ్లీ మొదటికొస్తుంది. మామూలుకన్నా గంట, గంటన్నర ఆలస్యంగా లేస్తే చాలు. రూమ్మేట్లు లైటు తీయకపోతే కళ్లగంతలు, చెవుల్లో పెట్టుకునే ఫోమ్ ఇయర్‌ప్లగ్‌లు కొనుక్కోండి, వాళ్లతో వాదన దండగ.

మూడు వారాలు ఏడున్నర గంటలు పడుకున్నాక కూడా క్లాసులో కళ్లు మూతలు పడుతుంటే, హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. గురక గట్టిగా వస్తుందని రూమ్మేట్లు చెబితే ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.