థంబ్స్ అప్ పెట్టినంత మాత్రాన రిపేరు కేసు పోతుందా?

ప్రశ్న: మాది కావలి. నెల్లూరులో చిన్న ఉద్యోగం. చేతిలో పట్టుకుని ఆడే గేమ్ కన్సోళ్ల మీద యూట్యూబ్‌లో వీడియోలు పెడుతుంటాను, నెలకు ఎంతో కొంత వస్తుంది. ఓ సీనియర్ దగ్గర 17,000కు సెకండ్ హ్యాండ్ నింటెండో స్విచ్ ఓఎల్‌ఈడీ కొన్నాను. ఎడమ జాయ్‌స్టిక్ దానంతటదే పక్కకు లాగుతోంది, చార్జింగ్ సరిగా ఎక్కడం లేదు అని ఒంగోలులో ఒక షాపులో ఇచ్చాను. వెయ్యి అడ్వాన్సు తీసుకుని ‘గేమ్ మిషన్-1’ అని చీటీ రాసిచ్చారు. నలభై రోజులు తిప్పి, బోర్డు పోయింది, 6,500 అవుతుందన్నారు. వద్దంటే చెకింగ్ చార్జీ 1,500 కడితేనే ఇస్తామన్నారు. కట్టి తెచ్చుకున్నాను. ఇప్పుడు అసలు స్క్రీనే వెలగడం లేదు. స్క్రూలు రెండు లేవు, మెమరీ కార్డు లేదు. మధ్యలో ఆయన వాట్సాప్‌లో ‘చిప్ వేసి గేములన్నీ ఫ్రీగా ఎక్కిస్తా’ అంటే థంబ్స్ అప్ పెట్టాను. షాపులో ‘రిపేరుకిచ్చిన వస్తువులకు మా బాధ్యత లేదు’ అని బోర్డుంది. గేములు ప్రభుత్వమే బ్యాన్ చేసింది, కేసు వేస్తే నీ మీదికే వస్తుందని నాన్న అంటున్నారు. షాపు పేరు పెట్టి వీడియో చేసేద్దామా అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు నాన్నగారి టెన్షన్ తీరుద్దాం. 2020లో మన రాష్ట్రం ఆపింది డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పేకాటల్ని. 2025లో కేంద్రం తెచ్చిన చట్టం నిషేధించిందీ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేముల్నే. కొనుక్కున్న గేమును కన్సోల్‌లో పెట్టుకుని ఆడుకోవడానికీ వాటికీ సంబంధం లేదు. టీవీ గేమ్ క్యాసెట్ తీసి ఉఫ్‌మని ఊది మళ్లీ పెట్టిన తరం మాది. మా ఇంట్లోనూ అప్పట్లో ఇలాంటి భయాలే ఉండేవి.

ఇక షాపు సంగతి. వస్తువు రిపేరుకు ఇవ్వడాన్ని 1872 నాటి కాంట్రాక్టు చట్టం బెయిల్‌మెంట్ అంటుంది. జైలు నుంచి వచ్చే బెయిలుతో దీనికి పని లేదు, నమ్మి అప్పగించడం అని అర్థం. మామూలు మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో, అప్పగించిన దాన్నీ అంత జాగ్రత్తగా చూడాలంటుంది 151వ సెక్షన్. గోడమీద బోర్డు తగిలించుకున్నంత మాత్రాన మీరు దానికి ఒప్పుకున్నట్టు కాదు. నా అనుభవంలో ఆ బోర్డులు కస్టమర్‌ను భయపెట్టినంతగా వినియోగదారుల కమిషన్‌ను (అంటే వినియోగదారుల కోర్టును) భయపెట్టవు.

వస్తువు పట్టుకుని డబ్బు అడగడం గురించి మాత్రం షాపతనికి కొంత చట్టం అండ ఉంది. పనితనం, నైపుణ్యం పెట్టి ఒప్పుకున్న పని చేస్తే, కూలి అందేదాకా వస్తువు ఆపుకోవచ్చని 170వ సెక్షన్. మీ విషయంలో ఒప్పుకున్న పనే జరగలేదు. చెకింగ్ చార్జీ ఉంటుందని వస్తువు తీసుకునేటప్పుడు చెప్పి ఉంటే కథ వేరు. చెప్పకపోతే ఆ 1,500 కూడా తిరిగి అడగండి.

ఇప్పుడు ఆ థంబ్స్ అప్ దగ్గరికి వద్దాం. మీరు మాటల మధ్యలో దాన్ని దాటేశారు కానీ కేసంతా అక్కడే ఉంది. తొలిరోజుల్లో, 2018 మధ్యకు ముందు తయారైన స్విచ్‌లలో ఒక లోపం ఉండేది కాబట్టి బోర్డు జోలికి పోకుండానే, కొనని గేములు ఆడనివ్వకుండా కంపెనీ పెట్టిన లాక్‌ను కొందరు తీసేవాళ్లు. 2021లో వచ్చిన మీ ఓఎల్‌ఈడీ మోడల్‌కు ఆ దారి లేదు. కన్సోల్ విప్పి, బోర్డు మీద సన్నని పాయింట్లకు చిప్ సోల్డరింగ్ చేయాలి. చెయ్యి ఒణికితే బోర్డు అక్కడితో సరి. చార్జింగ్ చూసుకునే ఐసీ పోవడం ఈ కన్సోళ్లలో మామూలు జబ్బు, దానికి స్క్రీన్ చావనక్కర్లేదు. వెలుగుతూ వెళ్లిన స్క్రీన్ చీకటిగా తిరిగొచ్చిందంటే మధ్యలో చిప్ పని ఏమైనా జరిగిందా అన్నదే అసలు ప్రశ్న.

దీనికి రెండు వైపులూ పదునే. కాపీరైట్ చట్టం 65ఏ ప్రకారం, హక్కులు కొల్లగొట్టే ఉద్దేశంతో ఇలాంటి డిజిటల్ తాళాలు విరగ్గొడితే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. ‘ఆయనే చిప్ వేయమన్నాడు’ అని షాపతను కమిషన్‌లో చెబితే తన నేరం తానే ఒప్పుకున్నట్టు, కాబట్టి ఆ మాట అంత తేలిగ్గా ఎత్తడు. మీరు సరేనన్నా, అజాగ్రత్తగా పని చేసి వస్తువు పాడుచేసే హక్కు ఆయనకు రాదు. కానీ మీ చేతులూ పూర్తిగా శుభ్రంగా లేవు. ఆ చాట్‌ను డిలీట్ చేయకండి. కేసు చూసే లాయరుకు మొదటి రోజే చూపించండి. ‘ఊరికే చదివానని పెట్టాను’ అనేది నిజమైతే అలాగే చెప్పండి, కాకపోతే కొత్త కథ అల్లొద్దు. క్లయింట్ దాచిన మెసేజ్ అవతలి వకీలు చేతిలో ప్రింటవుటుగా కనిపించిన రోజు నాకు ఎలా ఉంటుందో మీకు తెలియదు.

సాక్ష్యం విషయానికొస్తే, మీ చీటీ చాలా పేలవంగా ఉంది. సీరియల్ నంబరు లేదు, ఏ స్థితిలో ఇచ్చారో లేదు. అదృష్టం ఏమిటంటే మీరు వీడియోలు చేస్తారు. ఇవ్వడానికి ముందు తీసిన వీడియోల్లో ఆ కన్సోల్ వెలుగుతూ కనిపిస్తే, సీరియల్ నంబరు ఎక్కడైనా పడి ఉంటే, చీటీకన్నా అదే బలం. ఒరిజినల్ ఫైళ్లు, చాట్, ఫోన్‌పే రసీదులు పెన్‌డ్రైవ్‌లో పెట్టి, భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ జతచేయండి. కన్సోల్‌ను మరో టెక్నీషియన్‌తో విప్పించి, బోర్డు మీద కొత్త సోల్డరింగ్ ఉందో లేదో ఫొటోలతో రాయించుకోండి. రిపేరు మాత్రం చేయించకండి, చేయిస్తే సాక్ష్యం చెరిగిపోతుంది.

షాపు ఒంగోలులో ఉందని ప్రకాశం జిల్లా కమిషన్ చుట్టూ తిరగక్కర్లేదు. 2019 వినియోగదారుల చట్టం 34వ సెక్షన్ మీరు నివాసముండే చోట కేసు వేసుకోనిస్తుంది. కాబట్టి నెల్లూరు కమిషన్ చాలు. వస్తువు చేతికి వచ్చిన రోజు నుంచి రెండేళ్లు గడువు. సేవకు చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు కూడా, నా పొట్ట కొట్టుకుంటున్నా చెబుతున్నాను. మొదట పదిహేను రోజులు టైమిచ్చి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే కొన్ని షాపులు అక్కడే దిగొస్తాయి. కేసు మూడు నెలల్లో, వస్తువుకు పరీక్ష కావాల్సి వస్తే అయిదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. అంతకన్నా ఎక్కువకే మనసు సిద్ధం చేసుకోండి.

సెకండ్ హ్యాండ్ అన్నది ఇక్కడ అడ్డం కాదు, మీ ఫిర్యాదు కొన్నదాని మీద కాదు, రిపేరు మీద. షాపతను మీ యూట్యూబ్ ఆదాయం చూపి ‘ఇది వ్యాపారం, ఈయన వినియోగదారుడే కాదు’ అనొచ్చు. కన్సోల్ ప్రధానంగా ఆడుకోవడానికే అయితే ఆ మాట అఫిడవిట్‌లో ముందే రాయండి. జీవనోపాధికి స్వయంగా వాడుకునేవాళ్లకు చట్టంలోనే మినహాయింపు ఉంది.

ఎంత అడగాలి? కట్టిన 2,500, రిపేరుకు ఇచ్చిన నాటికి ఆ కన్సోల్ విలువ, కార్డు ధర, కొంత మనోవేదన, ఖర్చులు. అయిదు లక్షలు రాస్తే కమిషన్ నవ్వుతుంది. స్విచ్‌లో గేముల సేవ్‌లు (ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచే ఫైళ్లు) కార్డులో కాదు, లోపలి మెమరీలో ఉంటాయి. డబ్బు కట్టి క్లౌడ్ బ్యాకప్ పెట్టుకోకపోతే వందల గంటల ఆట ఆ బోర్డుతోనే పోయినట్టు. దానికి ధర కట్టే పద్ధతి లేదు, మనోవేదన కింద ఒక పేరా రాయండి. జాయ్‌స్టిక్ లాగడం మాత్రం షాపు నెత్తిన వేయకండి. లోపల కార్బన్ పట్టీ అరిగి వచ్చే జబ్బు అది. దాని మీద అమెరికాలో 2019లోనే కంపెనీ మీద కేసులు పడ్డాయి. మన దగ్గర ఈ కన్సోళ్లు ఎక్కువగా గ్రే మార్కెట్ దారిలోనే, అంటే కంపెనీ అధికారికంగా పంపకుండానే వస్తాయి కాబట్టి కంపెనీ వారంటీ మీద ఆశ పెట్టుకోలేం.

వీడియో ఇప్పుడే వద్దు. ‘ఫలానా రోజు ఇచ్చాను, ఇలా తిరిగొచ్చింది’ అని రుజువుతో చెప్పడం వేరు, ‘దొంగలు’ అనడం వేరు. రెండోది భారతీయ న్యాయ సంహిత 356 కింద పరువు నష్టం కేసుకు దారి. పోలీసు స్టేషన్‌కు కూడా ముందే వెళ్లకండి. నమ్మకద్రోహం సెక్షన్ ఉంది కానీ దురుద్దేశం చూపించాలి, ‘సివిల్ మ్యాటర్ సార్’ అని పంపించేస్తారు.

నోటీసు కన్నా ముందు, ఈ రోజే ఒక పని చేయండి. అదే వాట్సాప్ చాట్‌లో మర్యాదగా అడగండి: ‘అన్నా, నా మెమరీ కార్డు మీ దగ్గర ఉండిపోయింది, ఎప్పుడు ఇస్తారు?’ ఆయన ‘వెతికి చెప్తా’ అన్నా సరే, నీలం టిక్కులు పడి ఊరుకున్నా సరే, స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.