ఎం.ఏ. సైకాలజీతో అమెరికాలో లైసెన్స్‌డ్ సైకాలజిస్ట్ కావాలంటే ఏం చదవాలి, ఏ పరీక్షలు రాయాలి?

మీ ప్రశ్న ఇదీ: చెల్లెలు ఇండియాలో ఎం.ఏ. సైకాలజీ పూర్తి చేసింది, డాలస్‌లో మీ దగ్గరికి వచ్చి సైకాలజిస్ట్‌గా ప్రాక్టీస్ పెట్టాలనుకుంటోంది, ఈపీపీపీ అనే సైకాలజిస్టుల లైసెన్స్ పరీక్ష పాసైతే లైసెన్స్ ఇచ్చేస్తారని ఎవరో చెప్పారు, నిజమేనా అని. పరీక్ష ఉన్న మాట నిజమే. కానీ అది దాదాపు చివరి మెట్టు. రాష్ట్ర బోర్డు మీ డిగ్రీని చూసి సరేనంటే తప్ప ఆ పరీక్షకు తేదీ కూడా దొరకదు. ఈ దారిలో ఉన్నవాళ్ళ ఫైళ్ళు, గంటల లెక్కలు చూస్తూ ఉంటాను కాబట్టి కచ్చితంగా చెప్పగలను: పరీక్షలో తప్పినవాళ్ళు మళ్ళీ రాసుకుని బయటపడతారు. తప్పు ప్రోగ్రామ్‌లో చేరినవాళ్ళకూ, గంటలు సరిగ్గా నమోదు చేయనివాళ్ళకూ ఏళ్ళు పోతాయి.

మొట్టమొదట అర్థం చేసుకోవాల్సింది, అమెరికాలో దేశమంతటికీ ఒకే లైసెన్స్ లేదు. ప్రతి రాష్ట్రానికీ సొంత బోర్డు, సొంత నిబంధనలు ఉంటాయి. 'సైకాలజిస్ట్' అన్న హోదాకు చట్టపరమైన రక్షణ ఉంది. లైసెన్స్ లేకుండా ఆ పేరుతో బోర్డు పెట్టుకుని ప్రాక్టీస్ చేయడం నేరం. దాదాపు అన్నిచోట్లా స్వతంత్రంగా ప్రాక్టీస్ చేసే సైకాలజిస్ట్‌కు డాక్టరేట్ ఉండాల్సిందే. మాస్టర్స్‌తో ఏదో ఒక స్థాయి లైసెన్స్ ఇచ్చే రాష్ట్రాలు కొన్ని ఉన్నాయి. మిషిగన్‌లో లిమిటెడ్ లైసెన్స్ ఉంది, వెస్ట్ వర్జీనియా మాస్టర్స్ వాళ్ళకూ ఇస్తుంది, మీ టెక్సస్‌లో సైకలాజికల్ అసోసియేట్ అనే హోదా ఉంది. అయితే అక్కడి మాస్టర్స్ అంటే క్లినికల్ ప్రాక్టికమ్‌తో, అంటే పర్యవేక్షణలో క్లయింట్లను చూసే శిక్షణతో కూడిన పెద్ద కోర్సు. ఇండియాలో రెండేళ్ళ ఎం.ఏ. సాధారణంగా ఆ లెక్కకు సరిపోదు. ఇండియాలో క్లినికల్ సైకాలజిస్ట్‌గా నమోదు కావడానికి ఉపయోగపడే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) గుర్తింపు ఉన్న ఎం.ఫిల్. మంచి శిక్షణే, అడ్మిషన్ దగ్గర దానికి విలువ ఉంటుంది. కానీ ఇక్కడి బోర్డు దాన్ని డాక్టరేట్‌గా లెక్కించదు. ఇండియాలో చేసిన పీహెచ్‌డీకి కూడా ఇదే ఇబ్బంది: అది ప్రధానంగా పరిశోధన డిగ్రీ. బోర్డు అడిగే కోర్సులు, ప్రాక్టికమ్, ఏడాది ఇంటర్న్‌షిప్ అందులో కనబడవు.

కాబట్టి డాక్టరేట్. పీహెచ్‌డీ గానీ, సైడీ (పరిశోధన కంటే ప్రాక్టీస్ మీద ఎక్కువ దృష్టి పెట్టే డాక్టరేట్) గానీ. లైసెన్స్ దగ్గర రెండింటికీ తేడా లేదు, ఖర్చు దగ్గర చాలా ఉంది. యూనివర్సిటీల పీహెచ్‌డీల్లో ఎక్కువ వాటికి ఫీజు మాఫీ, స్టైపెండ్ ఉంటాయి. సీట్లు మాత్రం ఏడాదికి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే ఉంటాయి, పరిశోధన అనుభవం లేకపోతే పిలవరు. సైడీలో సీట్లు ఎక్కువ, కానీ చాలాచోట్ల ఫీజు మొత్తం మీదే. ఇంటర్న్‌షిప్‌తో కలిపి సాధారణంగా ఐదారేళ్ళు పడుతుంది.

ఇక్కడ రెండు పెద్ద గోతులున్నాయి. ఒకటి, సబ్జెక్టు. సోషల్ సైకాలజీలోనో, డెవలప్‌మెంటల్ సైకాలజీలోనో, కాగ్నిటివ్‌లోనో పీహెచ్‌డీ చేసి తర్వాత పేషెంట్లను చూద్దామనుకుంటే కుదరదు. క్లినికల్, కౌన్సెలింగ్, స్కూల్ సైకాలజీ, ఈ మూడింటిలో ఒకటి కావాలి. లేదంటే మళ్ళీ రీస్పెషలైజేషన్ అని ఇంకో రెండు మూడేళ్ళు చదవాలి. రెండోది, గుర్తింపు. యూనివర్సిటీకి ప్రాంతీయ గుర్తింపు ఉంటే చాలదు, ఆ డాక్టోరల్ ప్రోగ్రామ్‌కే విడిగా అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్, అంటే ఏపీఏ అక్రెడిటేషన్ ఉందా అని చూడండి. లేకపోయినా లైసెన్స్ ఇచ్చే రాష్ట్రాలు ఉన్నాయి, కానీ ప్రతి కోర్సు సిలబస్‌నూ బోర్డుకు చూపించి వాదించుకోవాలి, రాష్ట్రం మారినప్పుడల్లా మళ్ళీ అదే పని. 'అక్రెడిటేషన్‌కు దరఖాస్తు చేశాం, త్వరలో వస్తుంది' అని చెప్పే ప్రోగ్రామ్‌ను నమ్మి ఆరేళ్ళు పెట్టవద్దని నా గట్టి సలహా.

ఏపీఏ గుర్తింపు ఉన్న ప్రతి ప్రోగ్రామూ తన వెబ్‌సైట్‌లో విద్యార్థుల ఫలితాల పట్టిక పెట్టి తీరాలి. సగటున ఎన్నేళ్ళకు పూర్తి చేస్తున్నారు, ఏడాదికి ఎంత ఖర్చు, ఎంతమంది మధ్యలో వెళ్ళిపోయారు, ఎంతమందికి గుర్తింపు ఉన్న ఇంటర్న్‌షిప్ దొరికింది, ఎంతమందికి చివరకు లైసెన్స్ వచ్చింది, అన్నీ అందులో ఉంటాయి. బ్రోషర్లు పక్కన పెట్టి ముందు ఆ పట్టిక చదవండి. ఇంటర్న్‌షిప్ నిలువు వరుసలో ఏడాదేడాదీ అంకె తగ్గుతూ వస్తుంటే ఆ ప్రోగ్రామ్‌ను వదిలేయడమే మంచిది.

చేరాక మొదటి రెండేళ్ళ నుంచే ప్రాక్టికమ్ మొదలవుతుంది. సూపర్‌వైజర్ పర్యవేక్షణలో క్లయింట్లను చూడటం, పరీక్షలు పెట్టడం, రిపోర్టులు రాయడం. ఈ గంటలను మొదటి రోజు నుంచే లాగ్ చేయాలి, మూడు ఖానాల్లో: క్లయింట్ ఎదుట గడిపిన చికిత్స గంటలు, అసెస్‌మెంట్ గంటలు, సూపర్‌విజన్ గంటలు. నోట్స్ రాసుకోవడం, మీటింగులు, చదువుకోవడం క్లయింట్ ఎదుటి గంటల్లోకి రావు. ఎన్ని ఇంటిగ్రేటెడ్ రిపోర్టులు (పలు టెస్టుల ఫలితాలను కలిపి రాసేవి) రాశారు, పెద్దవాళ్ళవి ఎన్ని, పిల్లలవి ఎన్ని, ఏయే టెస్టులు ఎన్నిసార్లు వాడారు అన్నది కూడా ఇంటర్న్‌షిప్ దరఖాస్తులో అడుగుతారు. నాలుగో ఏడు కూర్చుని పాత క్యాలెండర్ల నుంచి ఏరుకుంటే లెక్క తేలదు, ఈలోపు సూపర్‌వైజర్ ఉద్యోగం మారిపోయి సంతకానికి దొరకరు. ప్రతి సెమిస్టర్ చివర సంతకం తీసుకోవడం అలవాటు చేసుకోవాలి.

ఇంటర్న్‌షిప్ మన వైపు నుంచి వచ్చేవాళ్ళను ఎక్కువగా ఇబ్బంది పెట్టే దశ, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. ఇది ఒక ఏడాది పూర్తికాల శిక్షణ. మెడికల్ రెసిడెన్సీలాగే ఇక్కడా మ్యాచ్ పద్ధతి, అంటే విద్యార్థులూ శిక్షణ కేంద్రాలూ ఇచ్చిన ర్యాంకులను సరిపోల్చి చోటు కేటాయిస్తారు, నడిపేది ఏపీపీఐసీ అనే సంస్థ. శరదృతువులో దరఖాస్తులు, డిసెంబర్, జనవరిలో ఇంటర్వ్యూలు, ఫిబ్రవరి మొదట్లో ఎవరి ర్యాంక్ జాబితా వాళ్ళు పెట్టడం, అదే నెలలో ఫలితం. దొరకనివాళ్ళకు మార్చిలో రెండో విడత ఉంటుంది. వచ్చిన మ్యాచ్‌కు కట్టుబడి ఉండాల్సిందే, 'ఆ ఊరు నాకు కుదరదు' అనడానికి లేదు. వెళ్ళలేని చోటును అసలు జాబితాలోనే పెట్టకూడదు. డాలస్ దాటి వెళ్ళనంటే అవకాశాలు బాగా కుంచించుకుపోతాయి.

అందులోనూ విదేశీ విద్యార్థులకు ఒక తలుపు మూసే ఉంటుంది. దేశంలో సైకాలజిస్టులకు అత్యధికంగా శిక్షణ ఇచ్చేది వెటరన్స్ అఫైర్స్ ఆసుపత్రులు. వాటి ఇంటర్న్‌షిప్‌కు అమెరికా పౌరసత్వం తప్పనిసరి. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్ళు యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్లు, మెడికల్ స్కూళ్ళు, పిల్లల ఆసుపత్రుల వైపే చూసుకోవాలి. పైగా వీసా లెక్క ఒకటుంది. ఇంటర్న్‌షిప్ డిగ్రీలో భాగం కాబట్టి సాధారణంగా సీపీటీ (చదువులో భాగంగా పనిచేసే అనుమతి) మీద చేస్తారు. పూర్తికాల సీపీటీ 12 నెలలు నిండితే ఆ స్థాయి డిగ్రీకి ఓపీటీ (డిగ్రీ తర్వాత పనిచేసే అనుమతి) హక్కు పోతుంది. ఓపీటీ పోతే పోస్ట్‌డాక్‌కు, అంటే డాక్టరేట్ తర్వాత చేసే పర్యవేక్షిత శిక్షణకు, దారి మూసుకున్నట్టే. కాబట్టి ఆఫర్ రాగానే యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకు వెళ్ళి మొదలు, ముగింపు తేదీలను కాగితం మీద పెట్టి, గతంలో వాడిన పూర్తికాల సీపీటీ ఏమైనా ఉంటే అది కూడా కలిపి, మొత్తం 12 నెలల లోపే ఉండేలా చూసుకోవాలి. ఇంటర్న్‌షిప్ మధ్యలోకి వచ్చాక దీన్ని సరిచేయడం చాలా కష్టం.

గంటల సంఖ్య కూడా చూడాలి. ఏపీపీఐసీ 1500 గంటల ఇంటర్న్‌షిప్‌ను కూడా అంగీకరిస్తుంది. టెక్సస్ మాత్రం మొత్తం 3500 గంటల పర్యవేక్షిత అనుభవం అడుగుతుంది, అందులో 1750 అయినా ఇంటర్న్‌షిప్‌వే కావాలి. తొమ్మిది నెలల ఇంటర్న్‌షిప్ చేసి వస్తే డిగ్రీ వస్తుంది, టెక్సస్ లెక్క దగ్గర చిక్కొస్తుంది. ఏడాదికి 2000 గంటల చోటు దొరికితే ఏ రాష్ట్రానికి వెళ్ళినా బెంగ ఉండదు.

డిగ్రీ తర్వాత పోస్ట్‌డాక్. కాలిఫోర్నియా మొత్తం 3000 గంటలు అడుగుతుంది, వాటిలో కనీసం 1500 డాక్టరేట్ తర్వాతవి. న్యూయార్క్ రెండేళ్ళ అనుభవం అంటుంది, ఏడాది అంటే 1750 గంటలు. వాషింగ్టన్, ఆరిజోనా లాంటి కొన్ని రాష్ట్రాలు చదువుకునేటప్పటి గంటలనే లెక్కలోకి తీసుకుంటాయి కాబట్టి అక్కడ పోస్ట్‌డాక్ తప్పనిసరి కాదు. కానీ ముందు ముందు వేరే రాష్ట్రానికి వెళ్ళే ఆలోచన ఉంటే పోస్ట్‌డాక్ చేసి ఉంచుకోవడమే మేలని నా అభిప్రాయం.

గంటలు ఎక్కడ కొట్టేస్తారో కాలిఫోర్నియా నిబంధనలు చూస్తే బాగా తెలుస్తుంది. పని మొదలుపెట్టకముందే సూపర్‌వైజర్‌తో ఒప్పందం సంతకాలతో సిద్ధంగా ఉండాలి. పనిచేసిన గంటల్లో 10 శాతం సూపర్‌విజన్ ఉండాలి, వారానికి కనీసం ఒక గంట ముఖాముఖి వ్యక్తిగతంగా. 60 గంటలు పనిచేసినా వారానికి 44కు మించి లెక్కించరు. రిజిస్ట్రేషన్ కావాల్సిన చోట అది రాకముందు చేసిన గంటలు సున్నా. పోస్ట్‌డాక్ గంటలు మొదలయ్యేది స్నాతకోత్సవం రోజు నుంచి కాదు, చదువుకు సంబంధించిన అన్ని షరతులూ పూర్తయిన తేదీ నుంచి. దానికి రిజిస్ట్రార్ లేఖ తీసుకుని దాచుకోవాలి. సూపర్‌వైజర్ లైసెన్స్ గడువు మధ్యలో ముగిస్తే ఆ వారాలు కూడా ప్రశ్నార్థకమే. బోర్డు వెబ్‌సైట్‌లో వాళ్ళ లైసెన్స్ స్థితి ఎవరైనా చూడొచ్చు, మొహమాటపడకుండా చూసుకోవాలి.

ఇప్పుడు మీరు అడిగిన ఈపీపీపీ. అమెరికా, కెనడా బోర్డుల సంఘమైన ఏఎస్‌పీపీబీ తయారుచేస్తుంది, పియర్సన్ వ్యూ సెంటర్లలో కంప్యూటర్ మీద రాస్తారు. 225 బహుళైచ్ఛిక ప్రశ్నలు, సమయం 4 గంటల 15 నిమిషాలు. మార్కులు 175 ప్రశ్నలకే, మిగతా 50 ప్రయోగాత్మకం, ఏవో మనకు తెలియదు. స్కోరు 200 నుంచి 800 వరకు. స్వతంత్ర ప్రాక్టీస్‌కు 500 కావాలి, అంటే దాదాపు 70 శాతం సరైన జవాబులు. తప్పుకు మార్కు కోత లేదు కాబట్టి ఒక్కటి కూడా ఖాళీగా వదలకూడదు. ఫీజు 600 డాలర్లు, సెంటర్ రుసుము ఇంకో 90 దాకా, రాష్ట్రం దరఖాస్తు ఫీజు వేరు.

సిలబస్ ఎనిమిది భాగాలు. అసెస్‌మెంట్, రోగనిర్ధారణ 16 శాతం, నైతిక, చట్టపరమైన విషయాలు 16, చికిత్స 15. ఈ మూడే 47 శాతం. తర్వాత కాగ్నిటివ్, భావోద్వేగ ఆధారాలు 13, ఎదుగుదల 12, సామాజిక, సాంస్కృతిక ఆధారాలు 11, జీవశాస్త్ర ఆధారాలు 10, పరిశోధన పద్ధతులు, స్టాటిస్టిక్స్ 7. లెక్కలంటే భయంతో స్టాటిస్టిక్స్ మీదే నెలన్నర పెట్టి, రోజూ చేసే పనే కదా అని నైతిక నియమాలను పైపైన చూసి వెళ్ళేవాళ్ళు చాలామంది. అది తిరగబడుతుంది. ఎథిక్స్ ప్రశ్నలో నాలుగు జవాబులూ మంచి పనులే అయి ఉంటాయి, 'మొట్టమొదట ఏం చేయాలి' అని అడుగుతారు. అక్కడ మీ రాష్ట్ర చట్టం గుర్తుకు తెచ్చుకుని రాస్తే తప్పుతుంది. ఏపీఏ నైతిక నియమావళి ప్రకారమే ఆలోచించాలి.

ఇంకో పొరపాటు, నోట్సు పదేపదే చదవడం. వారానికి 12 నుంచి 15 గంటల చొప్పున మూడు నాలుగు నెలలు పెట్టుకుని, రెండో నెల నుంచే సమయం పెట్టుకుని పూర్తి నిడివి టెస్టులు రాయాలి. ప్రశ్నకు సగటున 68 సెకన్లే దొరుకుతాయి, మూడో గంట దాటాక ఏకాగ్రత పడిపోతుంది. ఆ అలసటకు అలవాటు పడటం కూడా తయారీలో భాగమే. కంపెనీలు అమ్మే ప్రశ్నలు అసలు పరీక్ష కంటే కఠినంగా ఉండటం మామూలు, కాబట్టి వాటి మార్కులు చూసి కుంగిపోవద్దు. చివర్లో ఏఎస్‌పీపీబీ అధికారిక ప్రాక్టీస్ టెస్ట్ రాస్తే నిజమైన అంచనా వస్తుంది. కోర్సు పూర్తయ్యాక వీలైనంత త్వరగా రాసేయాలి. ఉద్యోగంలో పడ్డాక న్యూరోట్రాన్స్‌మిటర్లు, పియాజే దశలు ఎవరికీ గుర్తుండవు. తప్పినా మళ్ళీ రాయొచ్చు, 12 నెలల్లో నాలుగుసార్లకు మించి కుదరదు, ప్రతిసారీ ఫీజు మళ్ళీ కట్టాలి.

దీనికి రెండో భాగం, నైపుణ్యాల పరీక్ష, 2026 జనవరి నుంచి అందరికీ తప్పనిసరి అవుతుందని మీరు ఎక్కడైనా చదివి ఉంటే ఆ సమాచారం పాతది. ఆ నిర్ణయాన్ని 2024లో నిలిపేశారు. రెండింటినీ కలిపి ఒకే పరీక్షగా చేసే పని చేపట్టారు. కొన్ని చోట్ల ఆ రెండో భాగాన్ని ఇప్పటికే అడుగుతున్నారు కాబట్టి దరఖాస్తు చేసేముందు బోర్డు పేజీ చూడాలి.

ఈపీపీపీ తర్వాత చాలా రాష్ట్రాల్లో చట్టాల పరీక్ష ఉంటుంది. టెక్సస్‌ది ఆన్‌లైన్, పుస్తకం చూసి రాయొచ్చు. కాలిఫోర్నియాది సెంటర్‌కు వెళ్ళి రాయాల్సిన వేరే పరీక్ష, తేలిగ్గా తీసుకోకూడదు. వేలిముద్రలు, నేర చరిత్ర పరిశీలన మామూలే.

రాష్ట్రాల మధ్య టెలీహెల్త్ ప్రాక్టీస్‌కు సైప్యాక్ట్ అనే ఒప్పందం ఉంది, 40కి పైగా రాష్ట్రాలు చేరాయి, టెక్సస్ కూడా ఉంది. కాలిఫోర్నియా, న్యూయార్క్ లేవు. అది డాక్టరేట్ ఉన్నవాళ్ళకే.

ఇంత సుదీర్ఘమైన చదువు వద్దు, థెరపీ చేయడమే ముఖ్యం అనుకుంటే మీ చెల్లెలికి టెక్సస్‌లో ఇంకో దారి ఉంది: ప్రొఫెషనల్ కౌన్సెలర్ లైసెన్స్, అంటే ఎల్‌పీసీ. 60 సెమిస్టర్ గంటల (క్రెడిట్ల) మాస్టర్స్, అందులో 300 గంటల ప్రాక్టికమ్, ఎన్‌సీఈ అనే కౌన్సెలర్ల జాతీయ పరీక్ష, తర్వాత అసోసియేట్ హోదాలో 3000 గంటలు, వాటిలో 1500 క్లయింట్ల ఎదుట. సైకలాజికల్ టెస్టింగ్ పరిధి సైకాలజిస్ట్‌కు ఉన్నంత ఉండదు, 'సైకాలజిస్ట్' అని పేరు పెట్టుకోకూడదు, కానీ మొత్తం నాలుగైదేళ్ళలో సొంత ప్రాక్టీస్ పెట్టుకోవచ్చు. ఏ దారైనా ముందు ఎం.ఏ. మార్కుల జాబితాలు, యూనివర్సిటీ సిలబస్ ప్రతులు సీలు వేయించి తెప్పించండి. నేసెస్ (విదేశీ డిగ్రీలను మూల్యాంకనం చేసే సంస్థల సంఘం) సభ్య సంస్థ ఒకదానితో కోర్సువారీ మూల్యాంకనం చేయించండి, కోర్సుల వివరాలు లేకుండా డిగ్రీ దేనికి సమానమో మాత్రమే చెప్పే 'డాక్యుమెంట్ బై డాక్యుమెంట్' రకం కాదు, అది బోర్డుకు పనికిరాదు. ఆ రిపోర్టులో ఎన్ని క్రెడిట్లు తేలాయో చూశాక ఇక్కడే రాయండి, ఏ కోర్సులు మిగిలాయో కలిసి లెక్క వేద్దాం.