ఊటీకి పోయే ముందు నీ చేతుల సంగతి

అమ్మీ,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోనులో చెప్పింది. డిసెంబరు 24న బెంగళూరు, మైసూరు మీదుగా నలుగురూ ఊటీకి పోతున్నారంట. హోటలు నాలుగు రోజులు మూస్తున్నావంట. ఉగ్గాని, బజ్జీ అమ్మిన డబ్బుతో టికెట్లు నువ్వే తీసినావని వింటే కడుపు నిండింది. ఆ వెంటనే మీ అమ్మ ఇంకో మాట అనింది. "పోయేలోపల చేతులు తెల్లగా చేసుకోవాలని డజను నిమ్మకాయలు పక్కన పెట్టింది" అని. అప్పటినుంచి నాకు నిద్ర లేదు. ఫోనులో తిడితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. కాగితం మీదయితే వంటింట్లో గోడకు అంటించుకుంటావని రాస్తున్నా.

ముందు లెక్క చూడు. ఇంకా 28 రోజులుంది. చేతి వెనకవైపు తోలు అడుగునుంచి పైకి కొత్తగా రావడానికి దాదాపు నెల పడుతుంది, అరచేతికి ఇంకా ఎక్కువ. అంటే ఈరోజే మొదలుపెడితే చర్మం చాలావరకు దారికొస్తుంది. గోర్లు మాత్రం రావు. గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, మొదలునుంచి కొసదాకా మారడానికి ఆరు నెలలు కావాల. ఊటీలో నీ వేలి మీద ఉండే గోరు కొస జూన్‌లో పుట్టింది, అప్పటినుంచి బోకులు తోముతూనే ఉంది. దాన్ని బాగుచేసే నూనె లేదు, మందు లేదు. పొట్టిగా కత్తిరించి, ఇంకా పగలకుండా చూసుకోవడమే. ఎవరైనా పది రోజుల్లో గోర్లు గట్టిపడతాయని ఏదైనా సీసా అమ్మితే డబ్బులు పెట్టొద్దు.

ఇప్పుడు ఆ నిమ్మకాయల సంగతి.

మీ అన్న పెళ్లికి రెండు రోజుల ముందు ఏం చేసినావో గుర్తుందా? చేతులు నల్లగా కనపడతాయని సగం నిమ్మకాయ చక్కెరలో అద్ది, మోచేతిదాకా పావుగంట రుద్దినావు. నీళ్లతో పైపైన కడిగి, పందిట్లో పసుపు దంచేదానికి ఎండలో కూర్చున్నావు. ఆ రోజు ఏమీ లేదు. మర్నాడు మంట, ఎరుపు. పెళ్లినాటికి బొబ్బలు. రసం మణికట్టునుంచి కారిన దారి వెంబడి చారలు చారలుగా, ఎవరో వాతలు పెట్టినట్టు. పురుగు పాకిందని ఒకరు, నూనె చిందిందని ఒకరు, దిష్టని మీ అమ్మ. బొబ్బలు మానినాక ఆ చారలు నల్లబడి సంక్రాంతి దాటినా పోలేదు. పెళ్లి ఫోటోలన్నిట్లో చేతులు కొంగు కింద దాచుకున్నావు. నేను ఆల్బం చూసినప్పుడల్లా ఆ కొంగే చూస్తా.

అది దిష్టి కాదు, ఎలర్జీ కూడా కాదు. నిమ్మకాయలో, రసంలోకన్నా తొక్కలో ఎక్కువగా, ఫ్యూరోకౌమరిన్లని కొన్ని పదార్థాలుంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే ఎండలోని అతినీలలోహిత కిరణాలతో కలిసి చర్మాన్ని కాలుస్తాయి. కాలిన సంగతి ఒకరోజు ఆలస్యంగా తెలుస్తుంది, రెండు మూడు రోజులకు ముదురుతుంది. అందుకే ఎవరికీ నిమ్మకాయ మీద అనుమానం రాదు. పడేవాళ్లకు, పడనివాళ్లకు అని తేడా లేదు, రసమూ ఎండా రెండూ చాలినంత ఉంటే ఎవరికైనా అవుతుంది. ఆ పైన చక్కెర పలుకులు గీకినచోట పులుపు దిగింది. మన చర్మం కొంచెం ఆమ్లగుణంతోనే ఉంటుంది, పులుపును కొలిచే పీహెచ్ లెక్కలో 5 దగ్గర. ఆ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. నిమ్మరసం 2 దగ్గర. ఆ తేడా పగిలిన తోలుకు తెలుస్తుంది.

అప్పుడు వచ్చిన నలుపు పోవాలని మళ్లీ నిమ్మకాయే రుద్దినావంట! అది నాకు ఆర్నెల్ల తర్వాత తెలిసింది. అట్లాంటి నలుపు రుద్దితే పోదు, ఇంకా ముదురుతుంది. ఎండ తగలకుండా కప్పుకొని వదిలేస్తే నెలల మీద అదే తగ్గుతుంది.

ఇంకో సంగతి ఎవరూ నీకు చెప్పి ఉండరు. నువ్వు రోజూ పొద్దున ఉగ్గానిలోకి నిమ్మకాయలు చేత్తోనే పిండుతావు, ఆనక మిరపకాయలు ఎండబెట్టేదానికి మిద్దె మీదికి పోతావు. వేళ్ల సందుల్లో ఆ గోధుమరంగు మచ్చలు ఎందుకని అడిగినావు కదా, అందుకే కావచ్చు. నిమ్మకాయ పిండే చెక్క కొనుక్కో. పిండినాక సబ్బుతో మణికట్టుదాకా కడుక్కొని అప్పుడు ఎండలోకి పో. వంటసోడా, టూత్‌పేస్టు రుద్దడం కూడా ఈ జాతి పనులే. వద్దు.

ఇక పని. చేతులు పాడయ్యేది పనివల్ల అనుకుంటావు, నిజానికి తడివల్ల. రోజుకు రెండు గంటలకు మించి చేతులు నీళ్లలో ఉంటే తోలులోని కొవ్వు కొట్టుకుపోతుంది. నువ్వు తెల్లారుజామున బొరుగులు నానబెట్టి పిండేకాడినుంచి బోకులు తోమేదాకా ఐదు గంటలు తడిలోనే ఉంటావు. ఆ పైన మన బోరునీళ్లు ఉప్పన. సబ్బు నురగ రాదు, నురగ రాలేదని ఇంకొంచెం సబ్బు వేస్తావు, ఆ తెల్లటి మడ్డి వేళ్లకు పట్టుకొని ఎండిపోతుంది. పని మధ్యలో చేతులు కడిగేదానికి వేరే బక్కెట్లో మంచినీళ్లు పెట్టుకో. వేడినీళ్లు వద్దు. కడిగినాక గుడ్డతో అద్దు, తుడవకు. వేలి ఉంగరం తీసి డబ్బాలో పెట్టు, దానికింద సబ్బు నిలిచే అక్కడ తోలు ఊడుతోంది.

బోకులు తోమేటప్పుడు లోపల పల్చటి నూలు గ్లౌజు, పైన పొడుగు గ్లౌజు. లోపలిది లేకుండా పైది ఒక్కటే వేసుకుంటే చెమటతో నానిపోయి అదీ తడే. అరగంటకోసారి తీసి లోపలిది మార్చు, నాలుగు జతలుంటే సరిపోతుంది. పైది లేటెక్స్ రబ్బరుది అయితే వ్యాజలీన్ రాసిన చేతికి వేయకు, జిడ్డుకు ఆ రబ్బరు మెత్తబడి చిరుగుతుంది. జిడ్డుకు తట్టుకునే నైట్రైల్ రకం అడుగు. బాణలి దగ్గర మాత్రం ఏ గ్లౌజూ వద్దు. కాగిన నూనె చిందితే ఆ గ్లౌజు వేలికే అంటుకుంటుంది.

మిరపకాయల మంట నూనెలో కరుగుతుంది, నీళ్లలో కాదు. బజ్జీలకు కాయలు చీల్చినాక ముందు ఒక చెంచా నూనె చేతులకు రుద్ది, తర్వాత సబ్బుతో కడుగు. పసుపు మరకకూ అదే మందు, మిగిలింది వెలుతురుకు తనంతట తానే పోతుంది.

తెల్లగడ్డల గురించి ఒకటి చూసుకో. పగుళ్లు ఎక్కువగా ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు కొసల్లోనే ఉంటే అది తడివల్ల కాకపోవచ్చు. కత్తి కుడిచేతిలో, తెల్లగడ్డ పాయ ఎడమచేతిలో పట్టుకునేవాళ్లకు అక్కడే వస్తుంది. అది పడకపోవడం. దాని ఘాటు గ్లౌజుల్లోనుంచి కూడా దిగుతుంది, కాబట్టి ఆ పని నెలరోజులు ఇంకొకరికి అప్పజెప్పు. మీ ఆయన చేయలేడా?

పూత సంగతి. చూపుడువేలి కొసనుంచి మొదటి గీత దాకా పిండితే వచ్చేది సుమారు అర గ్రాము. ఒక చేతికి రెండువైపులా అంత కావాల, రెండు చేతులకు ఒక గ్రాము. రోజుకు ఐదుసార్లు, 28 రోజులు, అంటే 140 గ్రాములు. నువ్వు కొనే 20 గ్రాముల ట్యూబు నెలంతా వస్తోందంటే నువ్వు పూయడం లేదు, చూపిస్తున్నావు అంతే.

మొదటి వారం మామూలు వాసన లేని వ్యాజలీన్ చాలు. పగుళ్లు మూసుకున్నాక రాత్రిపూట 10 శాతం యూరియా ఉన్న క్రీము మొదలుపెట్టు. అది తోలులోకి నీళ్లు పట్టి ఉంచుతుంది, మందమైన అరచేతిని మెత్తబరుస్తుంది. పగులు తెరిచి ఉండగా పూస్తే ఏడుస్తావు, అంత మండుతుంది. బొటనవేలి కొసన లోతుగా చీలింది కదా, దానిలో వ్యాజలీన్ నింపి పైన మందుల షాపులో దొరికే పేపరు టేపు చుట్టు. ఫెవిక్విక్ వేసేవాళ్లను చూసినా. నువ్వు వేయకు.

రాత్రి పడుకునే ముందు గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు చేతులు పెట్టు. తీసి అద్ది, మూడు నిమిషాల లోపల పూత పూయి. తడి ఆరిపోయినాక పూస్తే మూతపెట్టేదానికి లోపల నీళ్లే ఉండవు. టెంకాయ నూనె అయినా ఇదే లెక్క, తడి మీదనే. పైన నూలు గ్లౌజులు వేసుకొని పడుకో. తెల్లారుజామున నాలుగుకు లేచి నిద్రమబ్బులో ఆ గ్లౌజులతో పొయ్యి వెలిగించేవు! వ్యాజలీన్ పీల్చిన గుడ్డ వత్తిలాగా అంటుకుంటుంది. మంచం దగ్గరే తీసి దిండు కింద పెట్టి, అప్పుడు వంటింట్లోకి పో. ఇది రెండుసార్లు చదువు.

గోర్లు స్నానం తర్వాత మెత్తగా ఉన్నప్పుడు కత్తిరించు, వేలికొస దాటి ఒక మిల్లీమీటరు చాలు. ఆకురాయి మాత్రం ఆరినాక, ఒకవైపుకే లాగు. అటూ ఇటూ రంపం కోసినట్టు రాస్తే పొరలు పొరలుగా లేస్తుంది. గోరు కింద శనగపిండి ఇరుక్కుంటే పిన్నీసు పెట్టి తవ్వకు. తవ్విన కొద్దీ గోరు మాంసంనుంచి లేచి తెల్లగా అవుతుంది, ఆ సందులో ఇంకా పిండి చేరుతుంది.

పార్లరుకు పోతావేమో, పో. గోరు మొదట్లో ఉండే పల్చటి పొరను మాత్రం కత్తిరించనీయకు. అది అందం కోసం లేదు, గోరుకూ చర్మానికీ మధ్య నీళ్లు దిగకుండా వేసిన లప్పం అది. అది పోతే తడి చేతుల్లో బూజు, చీము చేరి గోరుచుట్టు వస్తుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నారు, నీకయితే గోరుచుట్టు మీద ఉప్పునీళ్లు, మిరపకాయ. నెలల తరబడి వదలదు. జెల్ గోర్లు కూడా ఈసారికి వద్దు, తీసేటప్పుడు అసిటోన్‌లో, అంటే గోరురంగు కరిగించే ద్రావకంలో, నానబెట్టి గీకుతారు, నీ గోర్లు అంత తట్టుకోవు. మామూలు రంగు వేసుకో.

మందుల షాపులో "చేతికి మంచి క్రీము ఇవ్వన్నా" అని అడగొద్దు. చాలాచోట్ల స్టెరాయిడు, బూజు మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపిన ట్యూబు చేతిలో పెడతారు. రెండు రోజుల్లో అద్భుతంగా తగ్గుతుంది, మానేస్తే తిరగబెడుతుంది, మళ్లీ పూస్తావు, అట్ల తోలు పల్చబడిపోతుంది. తామర అయితే మరుగున పడి పాకుతుంది. స్టెరాయిడు మందే, డాక్టరు చూసి ఇన్ని రోజులని రాసిస్తే వాడుకోవచ్చు.

డాక్టరు దగ్గరికి ఎప్పుడంటావా? చీము కనపడితే, వేళ్ల పక్కన సన్నటి దురద పొక్కులు లేస్తే, ఒక్క చేయే పొట్టు రాలుతూ కాళ్లు కూడా అట్లే ఉంటే. గోరు మధ్యలో గుంటపడి చెంచాలాగా ఉంటే రక్తపరీక్ష చేయించుకో, హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువుంటే గోరుకు కాదు, నీకే వైద్యం కావాల.

గోరింటాకు పెట్టుకో, నాకు ఇష్టమే. చెట్టు ఆకు రుబ్బి, బయలుదేరే రెండు రోజుల ముందు. రంగు ఒకటి రెండు రోజుల్లో ఇంకా ముదురుతుంది. గంటలో నల్లగా పండే కోను మాత్రం వద్దు. ఆ నలుపు జుట్టుకు వేసే రంగుది, బొబ్బలెక్కితే తర్వాత జీవితాంతం జుట్టుకు రంగు వేసుకునే వీలుండదు.

ఊటీ 2,240 మీటర్ల ఎత్తు. చలిగా ఉందని ఎండ లేదనుకోవద్దు, ఎత్తుకు పోయే కొద్దీ ఆ అతినీలలోహిత కిరణాలు ఎక్కువ. చేతి వెనకవైపు ఎండను ఆపే ఎస్‌పీఎఫ్ 30 క్రీము రెండు గంటలకోసారి. అక్కడ గీజరు నీళ్లు కమ్మగా ఉన్నాయని చేతులు అందులోనే పెట్టుకొని కూర్చునేవు. కూర్చోకు.

నూలు గ్లౌజులు నాలుగు జతలు, పెద్ద వ్యాజలీన్ డబ్బా ఒకటి ఆదివారం మీ పెదనాన్నతో పంపిస్తున్నా. ఆ డజను నిమ్మకాయలు ఆయన చేతికే ఇచ్చి పంపు, ఇక్కడ ఊరగాయ పెడతా.

మీ పెద్దమ్మ,
కడప