తోస్తే పారేది, లాగితే సాగేది

సందేహం: ప్లాస్టిక్ సంచుల కర్మాగారంలో కొత్త పనివారి కోసం తెలుగులో చిన్న పుస్తకం రాస్తున్నాను. కరిగిన ప్లాస్టిక్ సులువుగా పారని గుణానికి 'స్నిగ్ధత' అనీ, సాగే గుణానికి 'తాంతవత' అనీ రాస్తే చదివినవారు నవ్వారు. ఏ మాటలు వాడాలి?

సమాధానం: నవ్వినవారిని నేను తప్పుపట్టను. 'తాంతవత' తంతువు నుంచి వచ్చింది. రాగిని తీగగా లాగుతామే, ఆ గుణం. గట్టి లోహపు గుణాన్ని కరిగిన ముద్దకు అంటగట్టడం పొరపాటే.

'స్నిగ్ధత' సంగతి వేరు. నాకు ఇష్టమైన మాట, కాస్త ఓపిక పట్టండి. 'స్నిహ్' ధాతువుకు అంటుకోవడమనీ ప్రేమించడమనీ అర్థాలు. స్నేహమంటే చెలిమి; నూనె కూడా. ఆయుర్వేదంలో స్నేహపానమంటే మిత్రులతో కలిసి తాగడం కాదు, మందుగా నెయ్యో నూనో తాగించడం! దీపంలో స్నేహం తరిగిందంటూ సంస్కృత కవులు ఈ రెండర్థాలతోనే శ్లేష ఆడుకున్నారు. స్నిగ్ధమంటే చమురుతో నున్ననైనది. ఇంత జారుడు మాటను తీసుకెళ్లి పాఠ్యపుస్తకాలవారు ప్రవాహాన్ని అడ్డుకునే గుణానికి పెట్టారు! పక్కనే 'జిగట' ఉంది. ఎవరైనా దాన్ని అడిగారా?

అసలు చిక్కు సాగడంతోనే. పాలిథీన్ ఎంత సులువుగా పారుతుందో చెప్పే ప్రవాహ సూచికను కొలవాలంటే 190 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగించి, 2.16 కిలోల బరువుతో సన్నని రంధ్రం గుండా తోస్తారు. 10 నిమిషాలకు ఎన్ని గ్రాములు దిగుతుందో అదే సూచిక. కానీ సంచి తోయడంతో తయారు కాదు. అచ్చు నోటి నుంచి వచ్చే మెత్తని గొట్టంలోకి గాలి ఊది, బుడగలా ఉబ్బిస్తూ పైకి లాగుతారు. సూచిక ఒకటే అయినా ఒక రకం బుడగ నిలుస్తుంది, మరొకటి ఊగిపోతుంది. ఎల్‌డీపీఈ అనే రకం పాలిథీన్‌లో అణువుల గొలుసులకు పొడవైన కొమ్మలుంటాయి. అవి చిక్కుపడి, లాగేకొద్దీ బిగుస్తాయి. పొట్టి కొమ్మలుండే మరో రకం, ఎల్‌ఎల్‌డీపీఈ, అంతగా బిగుసుకోదు. తీగపాకాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య లాగి చూసేవారికి నేను చెప్పాలా, గరిటె నుంచి జారడం వేరు, వేళ్ల మధ్య సాగడం వేరని!

కాబట్టి సులువుగా పారని గుణానికి 'జిగట', సాగే గుణానికి 'సాగుడు' అనండి. 'సాగుబడి' అనకండి, వ్యవసాయాధికారి వస్తారు. 'సాగదీత'ను టీవీ సీరియళ్లు ఎప్పుడో పాడుచేశాయి. పెరుగుదల, తరుగుదల వరసలో 'సాగుదల' అంటానంటే నాకు అభ్యంతరం లేదు గానీ, ముందు ఆ నవ్వినవారి చేత ఒకసారి పలికించి చూడండి.