గ్రిడ్ కంప్యూటింగ్ ల్యాబ్‌కి రెండు డిపార్ట్‌మెంట్ల సిస్టమ్‌లు చాలు

క్లౌడ్ ఉండగా గ్రిడ్ కంప్యూటింగ్ ఎలెక్టివ్ ఎందుకు, పెద్ద సర్వర్లు లేని కాలేజీలో ల్యాబ్ ఏం చేయించాలి అని అడిగారు కదా. ఇంజనీరింగ్ కాలేజీలో ఈ పేపర్ నేనే చెబుతున్నాను కాబట్టి నా పద్ధతి రాస్తున్నాను.

ముందుగా, గ్రిడ్‌లు కట్టడానికి వాడే పాత సాఫ్ట్‌వేర్ గ్లోబస్ టూల్‌కిట్ జోలికి పోకండి. పాత సిలబస్‌లలో ఇంకా కనిపిస్తుంది కానీ 2018లోనే దానికి సపోర్ట్ ఆపేశారు, పిల్లల సెమిస్టరంతా ఇన్‌స్టలేషన్ ఎర్రర్లకే సరిపోతుంది. ఖాళీగా ఉన్న సిస్టమ్‌లకి పనులు (జాబ్‌లు) పంచే సాఫ్ట్‌వేర్ హెచ్‌టీకాండోర్ పెట్టండి. విస్కాన్సిన్-మాడిసన్ యూనివర్సిటీలో 1980లలో పుట్టింది, ఉచితం, మామూలు ల్యాబ్ సిస్టమ్‌ల మీదే నడుస్తుంది.

ఒకే ల్యాబ్‌లోని సిస్టమ్‌లన్నీ కలిపితే క్లస్టర్ అవుతుంది, అంతే. ఎవరి మెషీన్ల మీద పెత్తనం వాళ్లదే అయి ఉండి కూడా ఒకరి పని ఇంకొకరి దగ్గర నడిస్తేనే గ్రిడ్. అందుకని సీఎస్‌ఈ ల్యాబ్‌ని ఒక పూల్‌గా (అంటే కలిపి నడిపే మెషీన్ల గుంపుగా), ఈసీఈ వాళ్ల ల్యాబ్‌ని ఇంకో పూల్‌గా పెట్టించి, క్లాసుని రెండు బ్యాచ్‌లు చేసి, ఎవరి పూల్‌కి రూల్స్ వాళ్లనే రాయమంటాను: బయటివాళ్ల జాబ్‌లు ఏ టైములో ఒప్పుకోవాలి, ఎవరైనా వచ్చి కీబోర్డ్ ముట్టుకుంటే నడుస్తున్న జాబ్‌ని తీసేయాలా, అసలు ఎవరిని నమ్మాలి. తర్వాత ఫ్లాకింగ్ ఆన్ చేస్తే, ఇక్కడ ఖాళీ లేనప్పుడు జాబ్‌లు అక్కడికి వెళ్తాయి. ఇక వాదనలు మొదలవుతాయి చూడండి, ఈ పేపర్‌లో నాకు ప్రాణం అదే.

పని కూడా కంటికి కనిపించేది ఇవ్వండి. నేను 3డీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో చిన్న యానిమేషన్ ఇస్తాను, ఒక్కో ఫ్రేమ్ ఒక్కో జాబ్. అవతలి ల్యాబ్‌లో బ్లెండర్ లేకపోతే ఆ ఫ్రేములు రావు, అప్పుడు జాబ్ పంపే సబ్మిట్ ఫైల్‌లో, ఎలాంటి మెషీన్ కావాలో చెప్పే రిక్వైర్‌మెంట్స్ లైన్ ఎందుకుందో చెప్పకుండానే అర్థమవుతుంది. మార్కులు లాగ్ ఫైల్ చూసి వేస్తాను: ఏ జాబ్ ఎక్కడికి వెళ్లింది, మధ్యలో ఎందుకు ఆగింది, మళ్లీ ఎక్కడ మొదలైంది, ఇవి వివరించగలగాలి.

క్లౌడ్ ఉండగా ఎందుకంటే, యూరప్‌లోని కణ భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్ సంగతి చెప్పండి. అక్కడ కణాలను ఢీకొట్టించే యంత్రం ఎల్‌హెచ్‌సీ డేటాని 40కి పైగా దేశాల కంప్యూటింగ్ సెంటర్లు పంచుకుంటాయి, మన పరిశోధన సంస్థలు ముంబై టీఐఎఫ్ఆర్, కోల్‌కతా వీఈసీసీ కూడా అందులో ఉన్నాయి. క్లౌడ్‌లోలాగా అన్నిటికీ ఒకే యజమాని లేడు, ఉండడం కుదరదు కూడా.

ఒక్కటి మాత్రం సెమిస్టర్ మొదలవకముందే చూసుకోండి: రెండు ల్యాబుల మధ్య ఫైర్‌వాల్‌లో హెచ్‌టీకాండోర్ వాడే 9618 పోర్ట్ తెరిపించాలి, దానికి నెట్‌వర్క్ చూసేవాళ్ల పర్మిషన్ రాతపూర్వకంగా తీసుకోండి.