ఆకలి వేళ చూసుకుని కారు తియ్యి

చిరంజీవి మేనల్లుడికి,

క్లాంగ్ నుంచి అత్తయ్య ఆశీస్సులు. నువ్వు వాట్సాప్‌లో పంపిన మలేసియా కారు ప్రయాణం ప్లాన్ చూశాను. అయిదు రోజుల్లో గెంటింగ్, కామెరాన్ హైలాండ్స్, పెనాంగ్, లంకావి, వెనక్కి వస్తూ మలక్కా! ఇలా తిరిగితే మా తమ్ముడికి కారు సీటు తప్ప ఇంకేమీ గుర్తుండదు. "తొందర లేకుండా తిరగాలి, ఇక్కడివాళ్లు తినేది తినాలి" అని రాసింది నువ్వే కదా నాన్నా. అయితే సగం ఊళ్లు కొట్టెయ్యి, రోజులు కాస్త పెంచు. కౌలాలంపూర్ నుంచి ఉత్తరంగా ఇపో, తైపింగ్, పెనాంగ్, ఈ మూడు చాలు. ఇపోలో రెండు రాత్రులు, తైపింగ్‌లో ఒకటి, పెనాంగ్‌లో మూడు ఉండండి. ఇపో సుమారు 200 కిలోమీటర్లు. అక్కణ్ణుంచి పెనాంగ్ ఇంకో 150, 160 ఉంటుంది. వెళ్లేటప్పుడు ఏ రోజూ మూడు గంటలకు మించి కారులో కూర్చోనక్కర్లేదు.

నువ్వు హోటళ్ల పేర్లు, రేటింగులు చూసి ప్లాన్ వేశావు. ఇక్కడ చూడాల్సింది వేళ. ఈ దేశంలో ప్రతి తిండికీ ఒక వేళ ఉంది. నాసి లెమాక్ అనే కొబ్బరిపాల అన్నం పొద్దున్నే తినాలి. కాఫీ, కాయా టోస్ట్ ఎండ ముదరకముందే. లక్సా అనే పులుసు నూడుల్స్ మధ్యాహ్నం మూడింటికి బాగుంటుంది. చార్ క్వే తియావ్ అనే వేయించిన బియ్యం నూడుల్స్ పొద్దున్న చేసేవాళ్లూ ఉన్నారు గానీ నాకు దీపాలు పెట్టాక తింటేనే ఇష్టం. నాసి కందార్ అనే కూరల అన్నం రాత్రి ఎంత పొద్దుపోయినా దొరుకుతుంది. మంచి బళ్లవాళ్లు చాలామంది ఒకటే వంటకం చేస్తారు. అది అయిపోగానే సర్దుకుని వెళ్లిపోతారు, ఫోన్‌లో ఏ టైమ్ చూపించినా సరే. కాబట్టి ముందు ఏ పూట ఏం తినాలో అనుకో, దాన్నిబట్టి కారు తియ్యి. మధ్యలో గుళ్లు, కొండలు, మ్యూజియంలు వాటంతట అవే కుదురుతాయి.

రెండో మాట. ఒక్కో చోట కడుపు నింపుకోవద్దు. ఆరుగురికి రెండు ప్లేట్లు చెప్పి తలా కాస్త తినండి. నచ్చితే ఇంకోటి చెప్పుకోవచ్చు. ప్లేట్లు చిన్నవి, ధరలు తక్కువ, అలా అడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోరు. మన ఇళ్లల్లో పెద్దవాళ్లకి "డబ్బిచ్చి కొన్నది వదిలెయ్యకూడదు" అని ఉంటుంది. మీ నాన్న ఆ పట్టుదలతోనే మొదటి చోట అంతా తినేసి, తర్వాత రెండు రోజులు మజ్జిగన్నం అడుగుతాడు. ప్లేట్ ఆయన ముందు కాదు, మధ్యలో పెట్టు.

బయలుదేరే రోజు ఇంట్లో టిఫిన్ వద్దు. మా వీధి చివర ఒకావిడ అరిటాకులో కట్టిన నాసి లెమాక్ అమ్ముతుంది. కొబ్బరిపాలు, పాండాన్ అనే సువాసన ఆకు వేసి వండిన అన్నం, వేయించిన నెత్తళ్లు, వేరుశనగలు, కీరా ముక్క, గుడ్డు, పక్కన సంబల్ అనే మిరపకాయల ముద్ద. సంబల్‌లో కారం మనం తినేదే గానీ కాస్త తియ్యగా ఉంటుంది. పిల్లలకి పక్కనే మమాక్ కొట్లో రోటీ చనాయ్, పప్పు ఇప్పించు. ఆ పిండిని గాల్లో తిప్పి పలచగా విసరడం చూడ్డానికైనా వాళ్లు పేచీ లేకుండా కూర్చుంటారు. మమాక్ అంటే తమిళ ముస్లింల హోటళ్లు. చాలావరకు రాత్రంతా తెరిచే ఉంటాయి. దారిలో ఏమీ దొరకలేదని టెన్షన్ పడక్కర్లేదు, మమాక్ లేని ఊరు నేను చూడలేదు.

మీ నాన్న షుగర్ సంగతి ఇప్పుడే చెప్పేస్తాను. ఇక్కడ టీ, కాఫీల్లో పోసేది తియ్యటి డబ్బా పాలు. తే తారిక్ చూడ్డానికి మన టీలాగే ఉంటుంది, తీపి మాత్రం చాలా ఎక్కువ. ఆయనకి "కోపి సి కోసోంగ్" అని చెప్పు. పంచదార లేకుండా చప్పటి పాలు పోసి ఇస్తారు. పాలు కూడా వద్దంటే "కోపి ఓ కోసోంగ్". మిగతావాళ్లకి "కురాంగ్ మానిస్" అంటే తీపి తగ్గిస్తారు. మందుల సంచి డిక్కీలో పడెయ్యకుండా అమ్మాయి చేతి బ్యాగులో ఉంచమను.

మీ అమ్మ శనివారం నీచు ముట్టదు. మిగతా రోజుల్లో కూడా రొయ్యల వాసన పడదు. ఇది కొంచెం జాగ్రత్తగా చూసుకోవాల్సిన విషయం. కూరగాయల వేపుడే కదా అని ఆర్డర్ చేస్తే అందులో బెలాచాన్ అనే రొయ్యల ముద్ద వేస్తారు. చైనీస్ కొట్లలో ఆల్చిప్పల సాస్ పోస్తారు. "సాయూర్" అంటే కూరగాయ అని మాత్రమే, శాకాహారం అని కాదు. శనివారం ఇపోలో ఉండేలా చూసుకోండి. అక్కడ లిటిల్ ఇండియాలో తమిళ శాకాహార హోటళ్లున్నాయి, అరిటాకు భోజనం పెడతారు. చైనీస్ బౌద్ధుల శాకాహార కొట్లు కూడా నాకు చాలా ఇష్టం. చాలాచోట్ల ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు. సోయాతో చేసిన ముక్కలు అచ్చం మాంసంలా కనిపిస్తాయి, మీ అమ్మ కంగారు పడకుండా ముందే చెప్పు.

గొడ్డు మాంసం మన ఇంట్లో ఎవరూ తినరు కాబట్టి ఈ నాలుగు మాటలు గుర్తు పెట్టుకో. బోర్డు మీద "దాగింగ్" అని ఉంటే సాధారణంగా గొడ్డు మాంసమే. "కంబింగ్" మేక, "అయాం" కోడి, "ఇకాన్" చేప. చైనీస్ కొట్లలో ఏదైనా పంది కొవ్వుతో వేయించి ఉండవచ్చు. వద్దనుకుంటే ముందే అడుగు. ఇక్కడ మూడు మతాలవాళ్లు ఒకే వీధిలో తింటారు. ఏది తినం, ఏది తింటాం అని చెప్పి అడగడం వాళ్లకి రోజూ ఉన్నదే, మొహమాటం వద్దు.

ఇపోలో పొద్దున్న పాత బజారు వైపు కోపితియాంలకి వెళ్లండి. కోపితియాం అంటే కాఫీ కొట్టే గానీ లోపల ఒక్కో మూల ఒక్కో బండి ఉంటుంది. నూడుల్స్ ఒకరు, ఆవిరి కుడుములు ఒకరు, కాఫీ మాత్రం కొట్టు యజమానిది. ముందు బల్ల చూసుకుని కూర్చోండి, ఒకరు వెళ్లి బండి దగ్గర చెప్పి బల్ల నంబర్ ఇచ్చి రండి. తెచ్చిన దానికి అప్పటికప్పుడే డబ్బివ్వాలి. చిన్న నోట్లు దగ్గరుంచుకో. బల్ల ఖాళీగా లేకపోతే వేరేవాళ్ల పక్కన కూర్చోవడం ఇక్కడ మామూలే. వైట్ కాఫీ ఈ ఊరిదే. గింజల్ని పామాయిల్ మార్గరిన్‌తో వేయించడం వల్ల ఆ రుచి. దానితో కాయా టోస్ట్ తినాలి. కాయా అంటే కొబ్బరిపాలు, గుడ్లు, పంచదార కలిపి సన్న సెగ మీద గట్టిపరిచినది. పిల్లలు దాన్ని వదలరు.

మధ్యాహ్నానికి కోడి, మొలకలు, బియ్యం నూడుల్స్. వినడానికి చప్పగా ఉంది కదూ? ఇపో మొలకలు పొట్టిగా, లావుగా, నీళ్లూరుతూ కరకరలాడతాయి. చుట్టూ ఉన్న సున్నపురాతి కొండల నీళ్ల మహిమ అని ఊరివాళ్లు గట్టిగా చెబుతారు. కారం లేని తిండికి కూడా ఇంత రుచి ఉంటుందా అని నాకు మొదటిసారి తెలిసింది అక్కడే. మీ నాన్న "ఉప్పు లేదు" అంటాడు, పట్టించుకోకు. ఎండ తగ్గాక కెక్ లోక్ టోంగ్ గుహకి తీసుకెళ్లు. లోపల చల్లగా ఉంటుంది, దాటితే వెనక తోట, చెరువు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆ తోటలో నెమ్మదిగా నడవచ్చు. తిరిగొచ్చేటప్పుడు తాంబున్ వైపు రోడ్డు పక్కన పంపర పనస కాయలు వేలాడదీసి అమ్ముతారు. రెండు కొను, అవి తొందరగా పాడవవు. కారులో ఎవరికైనా కడుపులో తిప్పితే ఆ తొనలే మందు.

ఇపో నుంచి తైపింగ్ దగ్గరే. దారిలో కౌలా కాంగ్సార్‌లో దిగి ఉబూదియా మసీదు బంగారు గుమ్మటం చూసి, నది ఒడ్డున లక్సా తినండి. ఇక్కడి లక్సా పలచగా, తేలిగ్గా ఉంటుంది. పెనాంగ్‌ది తిన్నాక దీని రుచి తెలియదు, అందుకే ముందు ఇది. తైపింగ్‌లో చూడాల్సింది ఒక్కటే, సరస్సు తోట. ఒకప్పుడు తగరం గని తవ్విన గుంటలవి. రోడ్డుకి ఒక పక్కనున్న పెద్ద నిద్రగన్నేరు చెట్ల కొమ్మలు రోడ్డు దాటి అవతల నీళ్ల మీదికి వంగి ఉంటాయి. ఆ ఊళ్లో వాన బాగా ఎక్కువ. సాయంత్రం పడితే పడనీ, ఏదో ఒక కొట్లో కూర్చుని వేడివేడిగా ఏదైనా తినండి. తైపింగ్‌లో ఒక రాత్రి పెట్టమన్నది అందుకే, ఏమీ చెయ్యకుండా ఉండడానికి.

పెనాంగ్ వంతెన 13.5 కిలోమీటర్లు, 1985లో తెరిచారు. టోల్ దీవిలోకి వెళ్లేటప్పుడే కడతాం, వచ్చేటప్పుడు ఉండదు. జార్జ్‌టౌన్ చేరాక కారు హోటల్లో పెట్టేసి మర్చిపో. ఇరుకు వీధులు, పార్కింగ్ దొరకదు, అక్కడ నడవాలి. 2008లో మలక్కాతో కలిపి యునెస్కో వారసత్వ నగరంగా గుర్తించిన ఊరది.

మీ నాన్న కోసం నేను దాచిపెట్టింది అసం లక్సా. కానగంత చేపల్ని ఉడికించి, ముళ్లు తీసి, చింతపండు పులుసులో మరిగిస్తారు. అల్లం జాతి మొక్క ఒకటుంది, దాని గులాబీరంగు మొగ్గను సన్నగా తరిగి పైన వేస్తారు. పుదీనా, అనాస, ఉల్లి, అడుగున లావాటి బియ్యం నూడుల్స్, చివర్న గరిటెతో చిక్కటి నల్లటి రొయ్యల సాస్. చేపల పులుసు తిని పెరిగిన మనిషికి ఆ పులుపు మా అమ్మ చేతి పులుసులాగే అనిపిస్తుంది, కానీ ఆ పువ్వు వాసన మాత్రం ఇంతకుముందు ఎక్కడా ఎరగనిది. దీవికి అవతలి పక్క బలిక్ పులావ్ అనే పల్లెటూరికి వెళ్లి తినండి. కొండ దాటే దారే బాగుంటుంది. అక్కడ కొబ్బరిపాల లక్సా కూడా ఉంటుంది, అది పిల్లలకి. జూన్, జులైలో వస్తే ఆ దారిలోనే దురియన్ పళ్లు. కొట్టించేముందు కిలో ధర అడుగు, తొక్కతో కలిపి తూస్తారు. అక్కడే తినెయ్యాలి, హోటల్ గదిలోకి తెస్తే జరిమానా వేస్తారు. మీ నాన్నకి ఒక్క తొన, అంతే.

చార్ క్వే తియావ్ బండి ముందు నిలబడి చూడండి. మంచి చెయ్యి ఉన్నవాళ్లు ఒకసారి ఒకటి రెండు ప్లేట్లే వేయిస్తారు, మంట అంత పెద్దది. గంట లైన్ ఉన్నా విసుక్కోకు. అందులో వేసే కెరాంగ్ అనే చిప్పలు సగమే ఉడుకుతాయి, పిల్లలకి, మీ నాన్నకి వద్దని చెప్పు. నాసి కందార్ పూర్వం తమిళ ముస్లింలు కావడి మీద ఒక పక్క అన్నం, ఒక పక్క కూర మోసుకుంటూ రేవులో కూలీలకి అమ్మినది. ఇప్పుడు హోటళ్లయ్యాయి. "బంజీర్" అంటే అన్ని కూరల పులుసులూ కలిపి అన్నం మునిగేలా పోస్తారు. అలాగే అడుగు.

డ్రైవింగ్ గురించి నువ్వు భయపడుతున్నావు గానీ మనలాగే ఎడమ పక్కే. ఇంటర్నేషనల్ పర్మిట్ తీయించుకో. హైవే మీద 110 దాటొద్దు. టోల్ దగ్గర నోట్లు తీసుకోరు, టచ్ అండ్ గో కార్డులో డబ్బులు ముందే వేయించు. వెనక కూర్చున్నవాళ్లు కూడా బెల్టు పెట్టుకోవాలి. మధ్యాహ్నాలు ఒక్కసారిగా కుండపోత పడుతుంది, అప్పుడు బైకులవాళ్లు ఫ్లైఓవర్ల కింద ఆగుతారు. ఎడమ పక్కన చూసుకుంటూ వెళ్లు. ఇపో దాటాక కొండల దారిలో లారీలు పాకుతుంటాయి, ఓవర్‌టేక్ తొందర వద్దు. ఆర్ అండ్ ఆర్ అనే విశ్రాంతి చోట్లలో టాయిలెట్లు శుభ్రం, కోసిన పళ్లు దొరుకుతాయి, గంటన్నరకోసారి ఆగండి. శుక్రవారం మధ్యాహ్నం నమాజ్ వేళ మలయ్ హోటళ్లు చాలావరకు మూస్తారు. రంజాన్ పండగకీ, చైనీస్ కొత్త సంవత్సరానికీ ముందువెనక రోజుల్లో మాత్రం అస్సలు రావద్దు. ఊరంతా రోడ్డు మీదే ఉంటుంది, కొట్లు మూసి ఉంటాయి.

వెనక్కి వచ్చేటప్పుడు ఒక కోరిక. బిడోర్ దగ్గర హైవే దిగండి. జామకాయలు కొనుక్కుని తెలుక్ ఇంతాన్ వెళ్లి, 1885లో కట్టిన ఒరిగిన గోపురం పిల్లలకి చూపించి, అక్కణ్ణుంచి బాగాన్ దాతుక్ రండి. కొబ్బరి తోటల్లో పనికొచ్చిన తెలుగువాళ్లు స్థిరపడ్డ చోటది. మీ మామయ్య వాళ్ల తాతగారు ఆ తోటల్లోనే పనిచేశారు. ఇప్పటికీ మా బంధువులున్నారు, వాళ్ల తెలుగులో మలయ్ కలుస్తుంది గానీ మీ అమ్మకి అంతా అర్థమవుతుంది. పెరట్లో గోంగూర ఉంది. సంబల్‌లో నెత్తళ్లు వేసి, పక్కన గోంగూర పచ్చడి పెట్టి భోజనం పెడతారు. ఆ పూట మీతో నేనూ ఉండాలని ఉంది. నేను, మీ మామయ్య ముందే అక్కడికి చేరుకుంటాం.

తేదీలు ఖాయం చేసి ఈ వారంలో ఫోన్ చెయ్యి. కారు ఏడు సీట్లది తీసుకుంటే మూడో వరస తెరిచాక సామాను పట్టదు, తలా ఒక చిన్న బ్యాగే తెచ్చుకోండి. ఊరి నుంచి ఆవకాయ జాడీ తెస్తానని మీ అమ్మ అంటోందట. తెమ్మను, కానీ అది నా దగ్గరే ఉంచేసి వెళ్లాలి.

అత్తయ్య